క్యాటలిస్ట్ 6509-ఈ స్విచ్‌లో సూపర్‌వైజర్ కార్డు మార్చడం: సమగ్ర మార్గదర్శి

చాసిస్ తరహా స్విచ్‌లో, అంటే వేర్వేరు కార్డులను స్లాట్లలో దూర్చి నడిపే నెట్‌వర్క్ పెట్టెలో, ఒక లైన్ కార్డు (కేబుళ్లు తగిలించే పోర్టులున్న కార్డు) చెడిపోతే దానికి తగిలించిన కేబుళ్ల వరకే ఇబ్బంది ఉంటుంది. కంట్రోలర్ కార్డు చెడిపోతే మొత్తం పెట్టె మూగబోతుంది. సిస్కో క్యాటలిస్ట్ 6500 వరుసలో ఈ కంట్రోలర్ కార్డును సూపర్‌వైజర్ ఇంజిన్ అంటారు, నోటి మాటలో 'సూప్' అంటారు. 1999లో మొదలైన ఈ వరుసలో సూపర్‌వైజర్ 720 కార్డు 2003లో వచ్చింది. కొత్తవి అమ్మడం ఆగిపోయి చాలా కాలమైనప్పటికీ, విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోనూ కర్మాగారాల్లోనూ పాత డేటా సెంటర్లలోనూ ఇవి ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. వయసు మీరిన యంత్రాలు కాబట్టి కార్డు మార్చవలసిన అవసరమూ తరచుగా వస్తూ ఉంటుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది 6509-ఈ చాసిస్. అందులో 5, 6 స్లాట్లలో ఒకే రకం సూపర్‌వైజర్ 720-3బీ కార్డులు రెండు ఉన్నాయి. 5వ స్లాట్‌లోనిది యాక్టివ్ (పెట్టెను నడిపేది), 6వ స్లాట్‌లోనిది స్టాండ్‌బై (మొదటిది పోతే పగ్గాలు అందుకునేది). చెడిపోయే లక్షణాలు కనబడుతున్నది యాక్టివ్ కార్డులోనే అనుకుందాం, ఎందుకంటే ఇబ్బందికరమైన సందర్భం అదే. స్లాట్ల సంఖ్య చాసిస్‌ను బట్టి మారుతుంది: 6503-ఈ, 6504-ఈలలో 1, 2, 6506-ఈలో 5, 6, 6513-ఈలో 7, 8. ఒకే సూపర్‌వైజర్ ఉన్న చాసిస్ సంగతి వేరు కనుక దాని గురించి చివరలో విడిగా వివరించాను.

స్క్రూలు విప్పి కార్డు లాగి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. అసలు కష్టమంతా రెండు కార్డుల్లో ఏది దేనికి తన కాన్ఫిగరేషన్‌ను అందిస్తుందన్న దగ్గరే ఉంది. స్టాండ్‌బై కార్డు లేచేటప్పుడు యాక్టివ్ కార్డు తన స్టార్టప్ కాన్ఫిగరేషన్‌నూ (లేచేటప్పుడు చదివే అమరికలు) బూట్ వేరియబుల్‌నూ (ఏ ఇమేజ్ ఫైలుతో లేవాలో చెప్పేది) కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌నూ (ఎలా లేవాలో నిర్ణయించే సంఖ్య) దానికి అందిస్తుంది. కాబట్టి నడుస్తున్న చాసిస్‌లోకి స్టాండ్‌బైగా వచ్చిన కొత్త కార్డు ఉన్నవాటిని నేర్చుకుంటుంది. చాసిస్‌ను ఆపి, కొత్త కార్డు పెట్టి, రెండింటినీ ఒకేసారి లేపితే ముందు లేచినది యాక్టివ్ అవుతుంది. ఆ ముందు లేచినది ఖాళీ కార్డే అయితే తన ఖాళీతనాన్నే పాత కార్డు మీద రాసేస్తుంది. అందువల్ల రెండు సూపర్‌వైజర్లు ఉన్న చోట 'భద్రత కోసం' కరెంటు ఆపి కార్డు మార్చడం జాగ్రత్త అనిపించుకోదు, అది ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

పని మొదలుపెట్టకముందు చూసి రాసిపెట్టుకోవలసినవి

ముందుగా 'షో మాడ్యూల్' ఆదేశం ఇచ్చి వచ్చినదంతా ఒక ఫైలులో భద్రపరచాలి. అందులో సూపర్‌వైజర్ వరుసల పక్కన బ్రాకెట్లలో యాక్టివ్, హాట్, కోల్డ్ అనే మాటల్లో ఒకటి కనిపిస్తుంది. స్టాండ్‌బై వరుసలో 'హాట్' అని ఉంటేనే రెండు కార్డులూ ఎస్‌ఎస్‌ఓ (స్టేట్‌ఫుల్ స్విచ్‌ఓవర్, స్థితి సమాచారం పోకుండా పగ్గాలు మారే) పద్ధతిలో జతగా నడుస్తున్నట్టు లెక్క. 'షో రిడండెన్సీ స్టేట్స్' ఆదేశంతో దీన్ని మరింత స్పష్టంగా తెలుసుకోవచ్చు. తన స్థితి 13-యాక్టివ్ అనీ, ఎదుటి కార్డు స్థితి 8-స్టాండ్‌బై హాట్ అనీ రావాలి. 4-స్టాండ్‌బై కోల్డ్ అని వస్తే జత ఆర్‌పీఆర్ (స్టాండ్‌బై పూర్తిగా సిద్ధంగా ఉండని పాత పద్ధతి) స్థాయికి పడిపోయినట్టు.

ఈ తేడా కాగితం మీది తేడా కాదు. సిస్కో పత్రాల ప్రకారం ఎస్‌ఎస్‌ఓలో ఒక కార్డు నుంచి మరొక కార్డుకు పగ్గాలు మారడానికి 0 నుంచి 3 సెకన్లు పడుతుంది. ఈ రెండింటికీ మధ్యస్థమైన ఆర్‌పీఆర్ ప్లస్‌లో 30 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ, ఆర్‌పీఆర్‌లో 2 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆర్‌పీఆర్‌లో లైన్ కార్డులు కూడా మళ్లీ లేవవలసి ఉంటుంది కాబట్టి వాడుకరులకు అది పూర్తి అంతరాయంగానే కనిపిస్తుంది. స్టాండ్‌బై కోల్డ్‌గా ఉంటే ముందు దాని కారణం కనుక్కొని సరిచేయాలి, ఆ తర్వాతే కార్డు మార్పిడి గురించి ఆలోచించాలి.

తర్వాత 'షో వెర్షన్', 'షో బూట్‌వార్', 'షో ఇన్వెంటరీ', 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్', 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్' వంటి ఆదేశాల ఫలితాలు కూడా భద్రపరచాలి. రాత్రి రెండు గంటలకు ఒక పోర్టు డౌన్‌గా కనిపించినప్పుడు అది ఇప్పుడు పడిందా, ముందునుంచీ అంతేనా అన్న ప్రశ్నకు జవాబు ఆ ఫైలులోనే దొరుకుతుంది. రూటింగ్ ప్రోటోకాల్స్‌లో ఎన్‌ఎస్‌ఎఫ్ (నాన్‌స్టాప్ ఫార్వర్డింగ్, పగ్గాలు మారేటప్పుడు కూడా ట్రాఫిక్ ఆగకుండా చూసే సదుపాయం) అమర్చి ఉన్నదో లేదో కూడా ఈ దశలోనే చూసుకోవాలి. ఎస్‌ఎస్‌ఓ ఒక్కటే ఉండి ఎన్‌ఎస్‌ఎఫ్ లేకపోతే లేయర్ 2 (రూటింగ్ లేని స్విచింగ్ స్థాయి) నిలబడినా పొరుగు రూటర్లతో సంబంధం తెగి మళ్లీ కుదురుకోవలసి వస్తుంది.

చాలామంది మరచిపోయే సంగతి సూపర్‌వైజర్ మీది పోర్టులు. సూపర్‌వైజర్ 720 ముఖం మీద రెండు ఎస్‌ఎఫ్‌పీ పోర్టులూ (చిన్న మాడ్యూల్ దూర్చి, సాధారణంగా ఫైబర్ తగిలించేవి) ఒక రాగి పోర్టూ ఉంటాయి. రెండో ఎస్‌ఎఫ్‌పీ, రాగి పోర్టు కలిసి ఒకే పోర్టుగా లెక్క, రెండింట్లో ఒకటే పనిచేస్తుంది. కార్డు స్టాండ్‌బైగా ఉన్నా ఈ పోర్టుల్లో ట్రాఫిక్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి 'స్టాండ్‌బై కార్డే కదా' అనుకొని లాగితే దాని మీదున్న అప్‌లింక్ (మిగతా నెట్‌వర్క్‌కు కలిపే లింకు) కూడా పడిపోతుంది. ఆ అప్‌లింక్‌కు మరో కార్డు మీద జోడీ ఉన్నదో లేదో, ఉంటే ఆ జోడీ నిజంగా పైకి లేచి ఉన్నదో లేదో ముందే చూడాలి.

ఇక భద్రపరచడం. ప్రస్తుతం నడుస్తున్న రన్నింగ్ కాన్ఫిగరేషన్‌ను స్టార్టప్‌లోకి ఎక్కించి, దాని నకలును టీఎఫ్‌టీపీ లేదా ఎస్‌సీపీ (ఫైలు బదిలీ) సర్వర్‌కు పంపాలి. స్విచ్ వీటీపీ (వీలాన్ల జాబితాను స్విచ్‌ల మధ్య పంచే ప్రోటోకాల్) సర్వర్ పద్ధతిలో ఉంటే వీలాన్ల (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌ల) జాబితా కాన్ఫిగరేషన్ ఫైలులో కనిపించదు. అది 'కాన్‌స్ట్_ఎన్‌వీర్యామ్' అనే చోట 'వీలాన్.డాట్' అన్న ఫైలులో ఉంటుంది, దాన్ని విడిగా కాపీ చేసుకోవాలి. నడుస్తున్న ఐఓఎస్ (స్విచ్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇమేజ్ ఫైలు కూడా సర్వర్‌లో ఉండాలి. అదే వెర్షన్ తర్వాత ఎక్కడైనా దొరుకుతుందిలే అన్న నమ్మకం పాత సామగ్రి విషయంలో పనికిరాదు.

కొత్త కార్డును పరీక్షించడం

ఇక్కడ 'కొత్త' అంటే మీ చాసిస్‌కు కొత్త అని మాత్రమే. సపోర్టు ఒప్పందం కింద వచ్చినా, పాత సామగ్రి అమ్మేవారి దగ్గర కొన్నా, అది ఎక్కడో పనిచేసి వచ్చిన కార్డే అయి ఉంటుంది. దాని మీద వేరే ఐఓఎస్ వెర్షన్, వేరే సంస్థ కాన్ఫిగరేషన్, పాస్‌వర్డ్ తిరగరాయడానికి ఎవరో మార్చి వదిలేసిన కాన్ఫిగరేషన్ రిజిస్టర్ ఉండవచ్చు.

ఎస్‌ఎస్‌ఓ కుదరాలంటే రెండు కార్డుల మోడల్ ఒకటే కావాలి, వాటి మీది పీఎఫ్‌సీ (ప్యాకెట్లను ఎటు పంపాలో తేల్చే ఉపకార్డు) ఒకటే కావాలి, ఐఓఎస్ ఇమేజ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. 3బీ కార్డు పక్కన 3బీఎక్స్ఎల్ కార్డు కొన్నప్పుడు 'ఇంకా మెరుగైనదే కదా' అనిపిస్తుంది గానీ జత కుదరడానికి కావలసింది సమానత్వం, మెరుగుదల కాదు. మెమరీ పరిమాణం కూడా సరిపోల్చుకోవాలి. తక్కువ మెమరీ ఉన్న కార్డు మీద అదే ఇమేజ్ లేవకపోవచ్చు.

ఖాళీ చాసిస్ ఒకటి దొరికితే, అది చిన్న 6503-ఈ అయినా సరే, కొత్త కార్డును అందులో ఒంటరిగా లేపి చూడడం మంచిది. అక్కడే 'రైట్ ఎరేజ్' ఇచ్చి పాత కాన్ఫిగరేషన్ తుడిచేసి, రిజిస్టర్‌ను 0ఎక్స్2102కు మార్చి, మీరు వాడుతున్న ఇమేజ్‌ను ఎక్కించాలి. ఇమేజ్ ఏ పేరుతో ఏ ఫైల్ సిస్టమ్‌లో మొదటి కార్డు మీద ఉందో, రెండోదాని మీదా అదే పేరుతో అదే చోట ఉండాలి. బూట్ వేరియబుల్ యాక్టివ్ నుంచి స్టాండ్‌బైకి యథాతథంగా వస్తుంది కనుక, అది 'సూప్-బూట్‌డిస్క్'ను చూపిస్తూ ఉండగా ఇమేజ్ 'డిస్క్0'లో ఉంటే కార్డుకు ఇమేజ్ దొరకక రామ్‌మాన్ (ఐఓఎస్ లేవకముందు ఉండే ప్రాథమిక ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎక్కించిన తర్వాత 'వెరిఫై' ఆదేశంతో ఎండీ5 విలువను (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్యను) సరిచూడాలి. ఖాళీ చాసిస్ లేకపోతే కనీసం ఇమేజ్ ఉన్న కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు ఒకటి జేబులో ఉండాలి.

చెడిన కార్డును స్టాండ్‌బై చేయడం

యాక్టివ్‌గా ఉన్న కార్డును ఎప్పుడూ నేరుగా లాగకూడదు. ముందు పగ్గాలు రెండోదానికి అప్పగించాలి. యాక్టివ్ కార్డు కన్సోల్ నుంచి 'రిడండెన్సీ ఫోర్స్-స్విచ్‌ఓవర్' ఆదేశం ఇస్తే, యాక్టివ్ రీలోడ్ అవుతుందని హెచ్చరించి నిర్ధారణ అడుగుతుంది. సరేనంటే 6వ స్లాట్ కార్డు యాక్టివ్ అవుతుంది. 5వ స్లాట్ కార్డు రీలోడ్ అయి స్టాండ్‌బైగా లేస్తుంది, లేచే స్థితిలో ఉంటే. నెట్‌వర్క్ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపల ఉన్నవారి సెషన్ ఈ మార్పిడిలో తెగిపోతుంది. అందుకే రెండు సూపర్‌వైజర్ల కన్సోల్ పోర్టులకూ కేబుళ్లు తగిలించి, కంప్యూటర్‌లో రెండు కన్సోల్ కిటికీలూ తెరిచి ఉంచుకున్నాకే ఈ ఆదేశం ఇవ్వాలి.

ఇక్కడ ఒక పాత హెచ్చరిక గుర్తుచేయాలి. 2005 నుంచి 2010 మధ్య ఒక సరఫరాదారు తయారుచేసిన మెమరీ భాగాల్లో లోపం ఉందని, అవి ఉన్న ఉత్పత్తులు చాలాకాలం బాగా నడిచి, కరెంటు తీసి పెట్టినప్పుడు తిరిగి లేవకపోవచ్చని సిస్కో 2014లో ప్రకటించింది. 6500 వరుసలోని కొన్ని మాడ్యూళ్లకూ ఇది వర్తిస్తుంది. ఏళ్ల తరబడి ఆగని కార్డు రీలోడ్ అయ్యే క్షణమే దాని ఆఖరి క్షణం కావచ్చు. కాబట్టి ప్రత్యామ్నాయ కార్డు చేతికి రాకముందు 'ఒకసారి స్విచ్‌ఓవర్ చేసి చూద్దాం' అనే ప్రయోగం వద్దు.

పగ్గాలు మారాక కనీసం కొన్ని నిమిషాలు ఆగి, ముందు భద్రపరచిన ఫలితాలతో పోల్చి చూడాలి. పొరుగు రూటర్లు అన్నీ ఉన్నాయా, లైన్ కార్డులన్నీ 'ఓకే' అంటున్నాయా, లాగ్‌లో కొత్త దోషాలేమైనా వచ్చాయా చూసి, అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాకే చేయి కార్డు మీదికి పోవాలి.

కార్డు తీయడం, పెట్టడం

నిరంతరం ఏసీ నడిచే సర్వర్ గదుల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక స్థిర విద్యుత్తు సులభంగా పుడుతుంది. రిస్ట్ స్ట్రాప్‌ను చేతికి చర్మానికి ఆనేలా కట్టుకొని, రెండో కొసను చాసిస్ మీది గ్రౌండ్ బిందువుకు తగిలించాలి. స్ట్రాప్ నిరోధం 1 నుంచి 10 మెగా ఓమ్‌ల మధ్య ఉండాలని సిస్కో సూచన. పాతబడిన స్ట్రాప్‌ను మల్టీమీటర్‌తో ఒకసారి కొలవడం వృథా కాదు.

5వ స్లాట్ కార్డుకున్న ప్రతి కేబుల్‌కూ చీటీ అంటించి, ఆ తర్వాతే ఊడదీయాలి. ఫైబర్ కొసలకు వెంటనే మూతలు పెట్టాలి, వాటిలోకి కళ్లు పెట్టి చూడకూడదు. ఎస్‌ఎఫ్‌పీలనూ కాంపాక్ట్ ఫ్లాష్‌నూ తీసి విడిగా ఉంచాలి, ఎందుకంటే బదులుగా వచ్చే కార్డు సాధారణంగా అవేవీ లేకుండా వస్తుంది.

కార్డు రెండు చివరలా ఉన్న స్క్రూలను వదులు చేయాలి. అవి ఊడి కింద పడవు, కార్డుకే అంటుకొని ఉంటాయి. రెండు బొటనవేళ్లనూ రెండు ఎజెక్టర్ లీవర్ల మీద పెట్టి, రెండింటినీ ఒకేసారి బయటికి తిప్పాలి. అప్పుడు బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నిటినీ కలిపే వెనకి పలక) కనెక్టర్ నుంచి కార్డు విడివడుతుంది. ఒక లీవర్‌ను ముందు, మరొకదాన్ని తర్వాత తిప్పితే కార్డు ఏటవాలుగా కదిలి కనెక్టర్ పిన్నుల మీద ఒత్తిడి పడుతుంది. ముఖపు పలకను ఒక చేత్తో పట్టుకొని, మరో చేతిని కార్డు అడుగున ఆనించి నేరుగా లాగాలి. సర్క్యూట్ మీదా కనెక్టర్ మీదా వేళ్లు తగలనీయకూడదు. 6509-ఈలో గాలి కుడి నుంచి ఎడమకు అడ్డంగా పారుతుంది. తెరిచి ఉన్న స్లాట్ ఆ ప్రవాహాన్ని చెడగొడుతుంది కనుక కొత్త కార్డు వెంటనే పెట్టలేని పరిస్థితి వస్తే ఖాళీ పలక బిగించాలి.

కొత్త కార్డు పెట్టేటప్పుడు లీవర్లు రెండూ పూర్తిగా తెరిచి ఉండాలి. కార్డు అంచులను స్లాట్ గైడ్లలో కూర్చోబెట్టి, లీవర్ల కొక్కేలు చాసిస్ అంచుకు తగిలేదాకా లోపలికి జరపాలి. పై స్లాట్‌లో కార్డు ఉంటే రెండు ముఖపు పలకల మధ్య ఉండే ఈఎంఐ గ్యాస్కెట్ (విద్యుదయస్కాంత జోక్యాన్ని ఆపే పట్టీ) అడ్డుపడుతుంది. అప్పుడు రెండు లీవర్లనూ కొద్దిగా కిందికి నొక్కి, పై కార్డుకూ గ్యాస్కెట్‌కూ మధ్య దాదాపు 1 మిల్లీమీటరు సందు వచ్చేలా చూసి, అదే పట్టులో లీవర్లను ఒకేసారి లోపలికి మూయాలి. మరీ ఎక్కువ నొక్కితే లీవర్లు వంగిపోతాయి. చివరలో స్క్రూలు రెండూ బిగించాలి. స్క్రూ బిగించి కార్డును లోపలికి లాగే ప్రయత్నం చేయకూడదు. కూర్చోబెట్టే పని లీవర్లది, పట్టి ఉంచే పని స్క్రూలది.

ఒకసారి మొదలుపెట్టాక కార్డును సగంలో ఆపి ఆలోచించకూడదు. కార్డు కనెక్టర్‌కు తగులుతున్న కొద్ది క్షణాలు బ్యాక్‌ప్లేన్ బస్సు ఆగి ఉంటుంది. సగం కూర్చున్న కార్డు ఆ విరామాన్ని పొడిగిస్తుంది. అందుకే నిదానంగా గైడ్లలో సరిచూసుకొని, చివరి అంగుళం మాత్రం తడబాటు లేకుండా ఒకే ఊపులో పూర్తిచేయాలి.

లేస్తున్నప్పుడు చూడవలసినవి

కొత్త కార్డు మీది 'స్టేటస్' దీపం మొదట నారింజ రంగులో ఉంటుంది. పరీక్షలు పూర్తయ్యాక ఆకుపచ్చగా మారాలి. ఎరుపు వస్తే పరీక్షలో కార్డు నెగ్గలేదని అర్థం. 'యాక్టివ్' దీపం నారింజ రంగులోనే ఉంటే కంగారు పడనక్కర్లేదు, స్టాండ్‌బై కార్డుకు అదే సహజం. సూపర్‌వైజర్ 720లో స్విచ్ ప్రాసెసర్, రూట్ ప్రాసెసర్ అని రెండు సీపీయూలు ఉంటాయి కాబట్టి కన్సోల్ కిటికీలో బూట్ సందేశాలు రెండు విడతలుగా రావడం కూడా మామూలే. చివరికి స్టాండ్‌బై కన్సోల్ పనిచేయదు అన్న అర్థం వచ్చే సందేశంతో ఆ కిటికీ నిశ్శబ్దమవుతుంది. కార్డు హ్యాంగ్ అయిందని భ్రమపడి చాలామంది మళ్లీ లాగేది ఇక్కడే. అక్కడ చూడడం మాని, యాక్టివ్ కన్సోల్‌లో 'షో రిడండెన్సీ స్టేట్స్' ఇచ్చి 8-స్టాండ్‌బై హాట్ వచ్చేదాకా ఎదురుచూడాలి.

4-స్టాండ్‌బై కోల్డ్ దగ్గర ఆగిపోతే దాదాపు ఎప్పుడూ ఇమేజ్ తేడాయే కారణం. ఇది సులభంగా తీరే సమస్య. యాక్టివ్ మీద నుంచే ఇమేజ్‌ను 'స్లేవ్‌సూప్-బూట్‌డిస్క్' లేదా 'స్లేవ్‌డిస్క్0' లోకి కాపీ చేసి, 'షో బూట్‌వార్'లో రెండు కార్డుల బూట్ వేరియబుళ్లూ ఒకటేనని చూసి, స్టాండ్‌బైని మాత్రం 'హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ మాడ్యూల్ 5 రీసెట్' ఆదేశంతో మళ్లీ లేపాలి. ఆ సంఖ్య టైపు చేసేటప్పుడు స్టాండ్‌బై ఇప్పుడు ఏ స్లాట్‌లో ఉందో మరొక్కసారి చూసుకోవాలి.

కార్డు రామ్‌మాన్ దగ్గరే ఆగిపోతే దాని కన్సోల్‌లో 'డిర్ డిస్క్0:' ఇచ్చి ఫ్లాష్ కనిపిస్తున్నదో లేదో చూడాలి, తర్వాత 'బూట్' అని ఇమేజ్ పూర్తి పేరు ఇవ్వాలి. లేచాక ఇమేజ్‌ను సరైన చోటికి కాపీ చేసి పైన చెప్పిన విధంగా సరిదిద్దాలి.

హాట్ స్థితి వచ్చాక 'షో డయాగ్నొస్టిక్ రిజల్ట్ మాడ్యూల్ 5 డిటెయిల్' చూసి, ఎస్‌ఎఫ్‌పీలూ కేబుళ్లూ చీటీల ప్రకారం తగిలించాలి. రాగి పోర్టు వాడుతున్నవారు రెండో పోర్టు మీడియా టైప్ ఆర్‌జే45గానే ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత, అదే రాత్రి అదే మెయింటెనెన్స్ వేళలో, మరో స్విచ్‌ఓవర్ చేసి పగ్గాలను కొత్త కార్డుకు ఇచ్చి చూడాలని నా గట్టి అభిప్రాయం. 'నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం' అనే వాదన ఉంది. అయితే స్టాండ్‌బైగా హాట్ చూపించడం వేరు, యాక్టివ్‌గా భారం మోయడం వేరు. ఆ రెండోది తెలిసేది పట్టపగలు మొదటి కార్డు పోయినప్పుడు కాకూడదు.

ఒకే సూపర్‌వైజర్ ఉన్నప్పుడు

ఇక్కడ అంతరాయం తప్పదు కాబట్టి దాన్ని ముందే ప్రకటించి, కరెంటు ఆపి మార్చడమే నయం. నేర్పించే జోడీ లేదు గనుక కొత్త కార్డు తనంతట తాను ఏమీ తెలుసుకోలేదు. కన్సోల్ ద్వారా ప్రవేశించి, పాత కాన్ఫిగరేషన్ ఉంటే తుడిచి, మేనేజ్‌మెంట్ ఐపీ ఒక్కటి ఇచ్చి, సర్వర్ నుంచి స్టార్టప్ కాన్ఫిగరేషన్‌నూ 'వీలాన్.డాట్'నూ తెచ్చి, ఆ తర్వాత రీలోడ్ చేయాలి. వీలాన్ ఫైలు తేవడం మరచిపోతే పోర్టులు ఆకుపచ్చగానే వెలుగుతాయి గానీ, వాటికి కేటాయించిన వీలాన్లే లేకపోవడంతో ట్రాఫిక్ నడవదు. మరొకటి, ఎస్‌ఎస్‌హెచ్‌కు కావలసిన ఆర్‌ఎస్‌ఏ తాళాలు కాన్ఫిగరేషన్ నకలుతో రావు. 'క్రిప్టో కీ జెనరేట్ ఆర్‌ఎస్‌ఏ' ఇచ్చి కొత్తవి పుట్టించేదాకా బయటి నుంచి లోపలికి రాలేరు. పుట్టించాక కూడా హోస్ట్ కీ మారిందని నిర్వాహకుల కంప్యూటర్లు హెచ్చరిస్తాయి, కాబట్టి వారికి ముందే చెప్పి ఉంచాలి.

సూపర్‌వైజర్ 720 తీసి 2011లో వచ్చిన సూపర్‌వైజర్ 2టీ పెట్టదలచినవారికి ఈ పద్ధతి వర్తించదు. ఆ రెండూ ఒకే చాసిస్‌లో జతగా నడవవు, 2టీకి ఈ-సిరీస్ చాసిస్ కావాలి, కొన్ని పాత లైన్ కార్డులు దానితో పనిచేయవు, 'ఎంఎల్ఎస్ క్యూఓఎస్' ఆదేశాలతో రాసిన ట్రాఫిక్ ప్రాధాన్య విధానాలను తిరిగి రాయవలసి వస్తుంది. అది కార్డు మార్పిడి కాదు, వలస. దానికి వేరే ప్రణాళిక కావాలి.

తీసేసిన కార్డు

పాత కార్డును స్థిర విద్యుత్తు నిరోధక సంచిలో, కొత్తది వచ్చిన పెట్టెలోనే పెట్టి పంపాలి. దాని ఎన్‌వీర్యామ్‌లో మీ కాన్ఫిగరేషన్ ఉంటుంది. అందులో ఎస్‌ఎన్‌ఎంపీ (పర్యవేక్షణ) స్ట్రింగులు, ట్యాకాక్స్ (లాగిన్ సర్వర్) తాళాలు, తిరిగి విప్పగల టైప్ 7 పాస్‌వర్డ్‌లు ఉండవచ్చు. కార్డు లేచే స్థితిలో ఉంటే ఖాళీ చాసిస్‌లో పెట్టి తుడిచేయాలి. లేవకపోతే ఆ రహస్యాలన్నీ బయటికి పోయినట్టే భావించి స్విచ్ మీద మార్చాలి. కాంపాక్ట్ ఫ్లాష్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ కార్డుతో పాటు పంపకూడదు. చివరగా 'షో ఇన్వెంటరీ'లో కనిపించే కొత్త సీరియల్ నంబరును సపోర్టు ఒప్పందంలోనూ ఆస్తుల రిజిస్టరులోనూ నమోదు చేయించాలి, లేకపోతే తర్వాతిసారి కార్డు కోసం ఫోన్ చేసినప్పుడు మీ చాసిస్‌లో ఉన్న కార్డు ఒప్పందంలో లేదని జవాబు వస్తుంది.